అన్నీ ఒక్క డిస్కులో

అల్లుడు చేసే పని లిఫ్టులు బాగుచేయడం. మధ్యలో ఆగిపోయిన లిఫ్టులోంచి మనుషుల్ని బయటికి లాగడం, తలుపుల పట్టాల్లో పేరుకున్న మురికి గీకడం, మోటారు గదిలో నూనె చేతులతో మోకాళ్ళ మీద కూర్చోవడం అతని దినచర్య. ఆ విద్య చూసి అత్తవారింట్లో ఎప్పుడో ఒక తీర్మానం జరిగిపోయింది. మీట నొక్కితే పనిచేసే వస్తువు ఏదైనా సరే, అది అల్లుడుగారి బాధ్యత. మిక్సీ మొరాయించినా అతనే, ఫోన్లో చోటు చాలకపోయినా అతనే. లిఫ్టునే పైకి లేపే మనిషికి ఇదొక లెక్కా అని అత్తగారు నవ్వుతూ అనేస్తారు. ఆ నవ్వుకు ఎదురు చెప్పడం అతనికి ఇంతవరకు చేతకాలేదు.

అందుకే మామగారు స్నానాలగదిలో జారిపడి, తుంటి ఎముకకు ఆపరేషనై మంచం పట్టాక, హాల్లో టీవీని ఆయన గదిలోకి మార్చే పని కూడా అతని మీదే పడింది. టీవీ కింద పాత డీవీడీ ప్లేయరు పెట్టమని మామగారే అడిగారు. ఫోను ఆయనకు పడదు. ఆ నున్నటి అద్దం మీద ఎక్కడ నొక్కాలో తెలియదంటారు. ప్లేయరు రిమోటు మాత్రం ఆయన బొటనవేలికి కంఠతా వచ్చు.

వైర్లు బిగిస్తుంటే ఆయన మంచం మీంచి పిలిచారు.

"అల్లుడుగారూ, మన పాత వీడియోలన్నీ ఒక్క డిస్కులో వేసి పెడతారా? రెండు మూడు వద్దు. లేచి మార్చుకోలేను, మీ అత్తయ్య ఆ పెట్టెని ముట్టుకోదు."

ఆ మాట నిజమే. ఒకసారి దుమ్ము తుడుస్తుంటే ప్లేయరు తనంతట తానే పళ్ళెం బయటికి చాచింది. ఆనాటి నుంచి అత్తగారు దాని చుట్టూ తుడుస్తారు తప్ప దాన్ని తుడవరు.

"ఏదీ వదలొద్దు. మాటలు మాత్రం బాగా వినపడాలి," అన్నారు మామగారు.

ఆ చివరి మాటే కొంప ముంచింది. అల్లుడు వంటింట్లోకి వెళ్ళి, మావయ్యగారికి చెవుడు మొదలైనట్టుందని అత్తగారితో మెల్లగా చెప్పాడు. ఆ సాయంత్రం నుంచి ఇల్లంతా కేకలే. మందుబిళ్ళ వేసుకోమని అత్తగారు చెప్తే అది వీధి చివర దాకా వినపడేది. ఎందుకే అలా అరుస్తావు అని ఆయన విసుక్కుంటే, చెవుడున్నవాళ్ళంతా అలాగే అంటారని వీళ్ళు తలలూపుకున్నారు. మనిషి మెత్తబడ్డారని కూడా అనుకున్నారు. ఒకప్పుడు టీవీకి ఎవరైనా అడ్డం వస్తే ఆయన ఊరుకునేవారు కాదు. "అడ్డం లే" అన్న కేక ఆ ఇంట్లో పిల్లలకు మాటలతో పాటే వచ్చేది. మంచం పట్టాక ఆ కేక ఒక్కసారి కూడా వినపడలేదు.

వీడియోలు పోగుచెయ్యడం దగ్గరే అల్లుడికి తలప్రాణం తోకకు వచ్చింది. పాత కెమెరాతో తీసినవి ఒక హార్డ్‌డిస్కులో ఉన్నాయి, అవి తేలిగ్గానే దొరికాయి. తర్వాతి కాలంవన్నీ ఫోన్లలో ఉన్నాయి. భార్య ఫోనులోవి నిలువుగా తీసినవి, సగం వాటిలో ఆమె వేలు అడ్డం. భార్య అన్నగారు, అంటే అతని బావగారు, తన దగ్గరున్నవి మెసేజీలో పంపించారు. మెసేజీలో వచ్చేసరికి వీడియో చిక్కి సగమైంది, మొహాలు గళ్ళగళ్ళుగా ఉన్నాయి. అసలువి కావాలి బావా అంటే, అసలువే కదా పంపాను అన్నారాయన. ఎలా చెప్పినా ఆ తేడా ఆయన తలకెక్కలేదు. చివరికి అల్లుడు స్వయంగా వెళ్ళి, ఆయన సోఫాలో కూర్చుని, ఆయన ఫోనుకు వైరు తగిలించి తెచ్చుకున్నాడు.

మొదటి డిస్కు అతని తెలివితక్కువతనానికి బలైంది. ఫైళ్ళన్నీ సంచీలో కూరగాయలు వేసినట్టు డిస్కులోకి కాపీ చేసేసి, విజయగర్వంతో పట్టుకెళ్ళాడు. ప్లేయరు కాసేపు గిరగిరా తిరిగి, గురగురమని, అసలు డిస్కే లేదు పొమ్మంది. కంప్యూటరుకు తెలిసిన భాష ఆ పాత పెట్టెకు తెలియదు. ప్రతి వీడియోను దానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి, అప్పుడు డిస్కు మీద రాయాలి. సరేనని అన్నిటినీ మార్చడానికి పెట్టాడు. కంప్యూటరు వేడెక్కి సాయంత్రాలకు సాయంత్రాలు మింగేసింది. అంతా అయ్యాక తెలిసింది, పాత కెమెరావి ముందే ఆ రూపంలో ఉన్నాయని, వాటి జోలికి పోనక్కర్లేదని. ఫోనువి మాత్రం మార్చి, పాతవి ఉన్నవున్నట్టు పక్కన చేర్చితే పని ఎప్పుడో అయిపోయేది. తలను కీబోర్డుకేసి కొట్టుకోవాలనిపించింది.

ఇంకో చిక్కు చోటు. బొమ్మ బాగుండాలంటే ఒక డిస్కులో సుమారు రెండు గంటలు పడుతుంది. అంతకంటే కుక్కినకొద్దీ బొమ్మ పలచబడుతుంది. వీళ్ళ దగ్గరున్నవి అంతకు మూడింతలకు పైమాటే. ఏవి ఉంచాలి, ఏవి తియ్యాలి అని అతను మర్యాదకు అడిగాడు. అడగడమే పొరపాటైంది.

అత్తగారు అతన్ని వరండాలోకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి చెప్పారు. పిల్ల ఉండాలి, పిల్ల తల్లి ఉండకూడదు.

పిల్ల అంటే బావగారి కూతురు, ఆ ఇంటి ఒక్కగానొక్క మనవరాలు. పిల్ల తల్లి అంటే బావగారితో విడిపోయి వెళ్ళిన కోడలు. ఆమె ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అందరూ 'రేడియో' అని పిలిచేవారు, అంత వాగుడు. వెళ్ళిపోయాక ఆ పేరు కూడా ఎవరూ తలవలేదు. విడాకుల్లో ఎవరి తప్పెంతో అల్లుడికి తెలియదు, తెలుసుకోవాలని అతను అడగనూ లేదు. ఆమె వెళ్ళిన కొత్తలో భోజనాల దగ్గర నిశ్శబ్దం భరించలేక అందరూ టీవీ పెట్టుకుని తినడం మాత్రం అతనికి గుర్తుంది.

"నాకేం లేదు అల్లుడుగారూ, వాడు చూస్తే బాధపడతాడు," అన్నారు అత్తగారు.

ఆ సాయంత్రమే బావగారు ఫోను చేశారు. "నాకేం పట్టింపు లేదు బావా. అమ్మే బాధపడుతుంది, తీసెయ్యి."

ఇద్దరిలో నిజంగా బాధపడేదెవరో అడుగుదామని అల్లుడి నోటిదాకా వచ్చింది. మింగేశాడు. అన్నీ పెట్టమన్నది మామగారు. ఆ సంగతి వీళ్ళకు గుర్తుచేస్తే, ఆయనకు ఇవన్నీ ఏం గుర్తుంటాయిలే అని కొట్టిపారేశారు. అల్లుడికి ఒళ్ళు మండింది. తనకు పని చెప్పినవారు ఒకరు, తన చేత పని చేయిస్తున్నవారు ఇంకొకరు.

అయినా మొదలుపెట్టాడు. ఆ పిల్ల ఎప్పుడు చూసినా తల్లి చంకలోనే ఉండేది. బొమ్మను పక్కల కత్తిరించి, పెద్దది చేసి, తల్లి మొహం బయటికి పోయేలా జరిపాడు. పిల్ల గాల్లో తేలుతున్నట్టుంది, నడుం చుట్టూ ఒక చెయ్యి మాత్రం మిగిలింది. వాచీ పెట్టుకున్న చెయ్యి. ఇంకా కత్తిరిస్తే పిల్లే పోతోంది. పోనీలే, చేతికి పేరుంటుందా అని వదిలేశాడు.

అసలు సమస్య అప్పుడు బయటపడింది. ఆమె బొమ్మలో కనపడేది తక్కువ. ఆ రోజుల్లో కెమెరా ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉండేది. కెమెరా చేతిలో ఉంటే ఆమె నోరు క్షణం కూడా ఆగేది కాదు.

"ఇదిగో, మన మేడమ్‌గారు సబ్బు కొరికారు. అత్తయ్య నోట్లో వేలు పెట్టి తీస్తున్నారు. అదిగో నురగ, ఎడం పక్క నుంచి కారుతోంది. తండ్రిగారు మాత్రం పేపరు దించలేదు. మావయ్యా, కళ్ళజోడు సరిచేసుకోండి, ముక్కు మీదికి జారింది, మాస్టారులా ఉన్నారు."

పక్కన కూర్చున్న భార్య పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, వదిన మాటలు వింటే ఇల్లు కళ్ళకు కట్టినట్టు ఉంటుందని అంది. ఆ మాట అమ్మతో చెప్పమన్నాడు అతను. ఆమె లేచి బట్టలు తియ్యాలని పెరట్లోకి వెళ్ళిపోయింది.

సగమైన పని చూడటానికి వచ్చిన బావగారు నిలబడే విన్నారు. పేపరు దించని తండ్రి దగ్గర ఆయన మొహం ముడుచుకుపోయింది. గొంతు తీసెయ్యమన్నారు. గొంతొక్కటే తియ్యడం కుదరదు బావా, మొత్తం శబ్దం పోతుంది, పిల్ల నవ్వు కూడా పోతుంది అని అల్లుడు చెప్పాడు. అయితే ఏదైనా మంచి సంగీతం వెయ్యి, ఇంకా బాగుంటుంది అని బావగారు చెప్పులేసుకున్నారు.

అల్లుడు వేశాడు. దొరికిన ఒక తేలిక ఫ్లూటు ముక్కను ఒక్కో వీడియో మీద పరుస్తుంటే తన మీద తనకే చిరాకేసింది. మూడో అంతస్తులో ఇరుక్కున్నవాళ్ళని తలుపు బద్దలుకొట్టైనా బయటికి తెస్తాడు. ఇక్కడ బయట ఉన్న మనిషిని ఇంకా దూరంగా నెడుతున్నాడు, అదీ చక్కగా, అతుకు తెలియకుండా.

సెలవురోజు ఉదయం అందరూ మామగారి గదిలో చేరారు. అత్తగారు మంచం కాళ్ళ వైపు, బావగారు కుర్చీలో, అతని భార్య గుమ్మానికి ఆనుకుని. చెవుడుందని అల్లుడు కొత్త స్పీకర్లు కూడా తెచ్చి బిగించాడు. డిస్కు ఈసారి ఒక్క గురక కూడా పెట్టకుండా ఆడింది. ఫ్లూటు గదంతా మోగింది. అందరూ తమని తాము చూసుకుని మురిసిపోయారు. ఎంత సన్నగా ఉన్నానో చూడండి అన్నారు అత్తగారు. గాల్లో తేలే పిల్ల వచ్చినప్పుడు, ఆ చెయ్యి ఎవరిదో ఎవరూ అడగలేదు.

మామగారు దిండుకు చేరగిలబడి టీవీ వైపు మొహం పెట్టుకుని ఉన్నారు. కాసేపటికి, మాటలు లేవేం అని అడిగారు.

"మ్యూజిక్ బాగుంది కదా నాన్నా," బావగారు ఆయన చెవి దగ్గరికి వంగి అరిచారు.

"బాగుంది, బాగుంది," అన్నారాయన.

డిస్కు అయిపోయాక అందరూ భోజనాలకు లేచారు. అల్లుడు స్క్రూడ్రైవరు మర్చిపోయి వెనక్కి వచ్చాడు. గదిలో ఫ్లూటు మళ్ళీ మోగుతోంది. మామగారు రిమోటు పట్టుకుని ముందుకు జరుపుతున్నారు, ఆపుతున్నారు, వింటున్నారు, మళ్ళీ జరుపుతున్నారు. పారేసుకున్న వస్తువు కోసం జేబులన్నీ వెతుక్కుంటున్న మనిషిలా ఉన్నారు. ఎక్కడ ఆపినా ఫ్లూటే. చివరికి ఆపేసి రిమోటు దుప్పటి మీద పెట్టారు.

"అల్లుడుగారేనా?"

"నేనే మావయ్యగారూ," అని అల్లుడు గట్టిగా అరిచాడు.

"అరవకండి బాబూ. నా చెవులు శుభ్రంగా ఉన్నాయి. పోయినవి కళ్ళు."

అల్లుడు స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని మంచం దగ్గరికి వచ్చాడు. చూపు తగ్గిందని అందరికీ తెలుసు. ఎంత తగ్గిందో ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

"కిటికీ ఎటుందో తెలుస్తుంది. టీవీ వెలుగుతోందో లేదో తెలుస్తుంది. అంతే," అన్నారు మామగారు. "కంటి డాక్టరుకు తెలుసు. వెంట వచ్చిన మీ బావని బయట కూర్చోమన్నాను. మీ అత్తయ్య ఇప్పటికే కాలు గురించి ఏడుస్తోంది. కళ్ళ సంగతి కూడా దాని నెత్తిన ఎందుకు వెయ్యడం?"

"మరి డిస్కు ఎందుకు అడిగారు మావయ్యగారూ?"

"ఆ కోడలుపిల్ల చెప్తుంది కదయ్యా. ఎవరు ఎక్కడున్నారో, ఏం చేస్తున్నారో, నా కళ్ళజోడు ఎక్కడికి జారిందో కూడా. అది చెప్తుంటే నేను చూసేద్దామనుకున్నాను." ఆయన ఆగి, దుప్పటి అంచు సరిచేసుకున్నారు. "మా ఇంట్లో దాని నోరు మూయించని రోజు లేదు. నేనూ మూయించాను. ఇవాళ అది ఒక్క మాట మాట్లాడితే బాగుండు అనిపించింది."

ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారు. అల్లుడు అన్నం దగ్గర కూర్చున్నాడు. డిస్కు ఎంత బాగా వచ్చిందో అని బావగారు మెచ్చుకుంటుంటే, ఆ మెప్పు ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

మర్నాడు పని నుంచి రాగానే చేతులైనా సరిగ్గా కడుక్కోకుండా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ తనను ఏడిపించిన చిక్కు ఇప్పుడు తనంతట తానే విడిపోయింది. చూడని మనిషికి బొమ్మ ఎందుకు? బొమ్మను ఎంత పలచగా చెయ్యొచ్చో అంతా చేసేశాడు. శబ్దాన్ని మాత్రం ముట్టుకోలేదు. రెండు గంటలు పట్టే చోట ఉన్నవన్నీ పట్టేశాయి. ఏదీ కత్తిరించలేదు, ఏదీ వదల్లేదు. సబ్బు కొరికిన పిల్ల, పేపరు దించని తండ్రి, చివర్లో బావగారు ఫోన్లో తీసినవి, అన్నీ ఒక్క డిస్కులో. భార్య వెనకాల వచ్చి నిలబడింది. అమ్మ వింటే ఊరుకోదని అంది. అతను వెనక్కి తిరగలేదు. ఆమె కాసేపు నిలబడి, స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

డిస్కు తయారయ్యాక ఒక సాయంత్రం, ఎండ ఉండగానే దాన్ని పట్టుకుని వెళ్ళాడు. అత్తగారు గదిలోనే ఉన్నారు, ఉతికిన దుప్పట్లు మడతపెడుతున్నారు. ఆవిడ బయటికి వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాడు. మామగారు ఆగనివ్వలేదు. పెట్టండి అన్నారు.

"హలో హలో. కెమెరా వెలిగిందా? ఎర్ర దీపం వచ్చింది. ఇదిగో, వంటింట్లో అత్తయ్య. నన్ను తియ్యొద్దని గరిటె చూపిస్తున్నారు. కోపంగా ఉన్నట్టు నటన, పెదవి చివర నవ్వు ఉంది."

అత్తగారి చేతిలో దుప్పటి సగం మడతలో ఆగిపోయింది. ఇదేంటని ఆవిడ అల్లుడి వైపు చూశారు. అల్లుడు నేల వైపు చూశాడు. నేనే అడిగానన్నారు మామగారు. వాడు వస్తే ఏమనుకుంటాడు, ముందు ఆపండి అంటూ ఆవిడ లేచారు. పెట్టెను ముట్టుకోవడానికి చెయ్యి రాక, దాని ముందు అటూ ఇటూ తచ్చాడారు. తెర మీద బొమ్మ నీళ్ళు పడ్డ కాగితంలా అలుక్కుపోయి ఉంది. ఎవరు మనిషో ఎవరు తలుపో తెలియడం లేదు. ఈ మసకలో ఏం కనిపిస్తోందండీ మీకు అని విసుగ్గా వెనక్కి తిరిగారు.

మామగారు నవ్వుతున్నారు. గొంతు ఏదో అంటోంది, ఆయన భుజాలు కదిలేలా నవ్వుతున్నారు.

అత్తగారు సరిగ్గా టీవీకి అడ్డంగా నిలబడి ఉన్నారు. ఆవిడ మనిషి నిండుగా ఉంటారు, తెరంతా ఆవిడ వెనక్కి పోయింది. ఆవిడ అక్కడి నుంచి కదల్లేదు. ఎదురుచూస్తున్నట్టు నిలబడ్డారు. అడ్డం లే అన్న కేక రాలేదు. ఆయన ఆవిడ గుండెల్లోకి చూస్తూ, అలాగే నవ్వుతూ వింటున్నారు.

ఆవిడ అల్లుడి వైపు చూశారు. అతను తలూపలేదు, అడ్డంగానూ ఆడించలేదు. మాట ఇచ్చాడు కదా. ఆవిడకు ఆ చూపు చాలింది. మెల్లగా వచ్చి మంచం అంచున కూర్చుని, సగం మడతపెట్టిన దుప్పటిని ఒళ్ళో పెట్టుకున్నారు. గొంతు చెప్తూ పోయింది. ఇద్దరూ విన్నారు. అత్తగారు ఒకసారి కొంగుతో ముక్కు తుడుచుకున్నారు.

చీకటి పడి చాలాసేపయ్యాక ఆమె తీసినవి అయిపోయి, బావగారి ఫోనువి మొదలయ్యాయి. వాటిలో మాటల్లేవు. గాలి హోరు, అడుగుల చప్పుడు, దూరంగా ఏదో గంట. మామగారి మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా తగ్గింది. ఆయన తల పక్కకు వంచి విన్నారు.

"ఇప్పుడెవరు?" అని ఎవరినీ కాకుండా అడిగారు.

అల్లుడు నోరు తెరవబోయాడు. అత్తగారు చెయ్యి చాపి ఆపారు.

"మీ మనవరాలు," అన్నారు. ఇన్నాళ్ళ కేకలు పోయి, ఆవిడ అసలు గొంతు వచ్చింది. "సైకిలు మీద ఉంది. తొక్కుతోంది. పడిపోయేలా ఉంది... పడలేదు."

"ఏ రంగు గౌను?"

ఆవిడ ముందుకు వంగి కళ్ళు చిట్లించారు. "తెలిసి చస్తే కదా. బొమ్మనంతా అలికి పారేశారు." అల్లుడి వైపు తిరిగారు. "ఇంకోటి చెయ్యండి అల్లుడుగారూ, బొమ్మ సరిగ్గా కనపడేలా. నాకే కనపడకపోతే ఈయనకు ఏం చెప్పను?"

"మరి ఆ గొంతు, అత్తయ్యగారూ?"

"ఉండనివ్వండి. నేను వంటింట్లో ఉన్నప్పుడు ఎవరు చెప్తారు? వాడితో నేను మాట్లాడతాను."

మళ్ళీ మొదటికొచ్చిందని అల్లుడికి నీరసం ముంచుకొచ్చింది. ఇన్ని రోజుల చాకిరీ గుర్తొచ్చి కాస్త విసుగ్గానే చెప్పాడు. బొమ్మా బాగుండాలి, గొంతూ ఉండాలి, ఏదీ తియ్యకూడదు అంటే ఒక్క డిస్కులో పట్టదండీ, నాలుగైనా అవుతాయి అన్నాడు.

"అయితే నాలుగు చెయ్యండి," అన్నారు అత్తగారు, ప్లేయరు వైపు ఒకసారి అనుమానంగా చూసి. "మార్చడానికి నేను లేనూ?"